గోడ లోపల ప్లాను, గోడ బయట ముంపు

గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న వారికి పెదకాకాని దాటింది మొదలు కాజ దాకా రోడ్డుకు రెండు పక్కలా ఒకే రకం దృశ్యం కనిపిస్తుంది. ఎత్తయిన ఆర్చి, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల తిన్నని రోడ్లు, రోడ్ల పక్కన వరసగా పాతిన రాళ్ళు, చుట్టూ సిమెంటు ప్రహరీ. ఒంగోలు దగ్గర జాతీయ రహదారి వెంట, నరసరావుపేట, చిలకలూరిపేట శివార్లలో కూడా ఇదే వరస. నిన్న మొన్నటి దాకా పైరు ఉన్న పొలాల్లో ఇప్పుడు వెంచర్లు వెలిశాయి. ఇది ప్లాను ప్రకారం కట్టే కాలనీ అని కంపెనీల వారు చెబుతారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ ప్లాను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నదన్నదే మన రైతాంగం ఆలోచించవలసిన సంగతి.

నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా మిరప తోటకు పల్లాన ఉన్న ఇరవై ఎకరాలను ఒక కంపెనీ తీసుకున్నది. లారీల మీద లారీలు గ్రావెల్ తోలి నేలను నడుమెత్తున లేపింది. మా పైనున్న పొలాల నీళ్ళన్నీ పోయే మురుగు బోదె ఉన్న చోట ఒక సిమెంటు గొట్టం వేసి, దాని మీద గోడ కట్టింది. ఆ గొట్టం వెడల్పు మూరెడు. అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిసింది. నీళ్ళు నాలుగు రోజులు తోటలో నిలిచాయి. ఐదో రోజు ఎండ కాయగానే మొక్కలు తలలు వాల్చేశాయి. వేరు కుళ్ళింది. ఎకరంన్నర తోట పోయింది.

కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి కుర్ర ఇంజనీరు మర్యాదస్తుడే. కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, బల్ల మీద పెద్ద కాగితం పరిచాడు. "బాబాయ్ గారూ, మా ప్లానుకు అన్ని అనుమతులూ ఉన్నాయి. మీ పొలం మా ప్లానులో లేదండీ" అన్నాడు. నిజమే. ఆ కాగితంలో పార్కు ఉంది, నీళ్ళ ట్యాంకు ఉంది, ఏ చెట్టు ఎక్కడ నాటాలో కూడా ఉంది. గోడ గీత దాటితే మాత్రం తెల్ల కాగితమే. వాన నీరు ఆ గీత దగ్గర ఆగదు కదా!

పేటలు మనకు కొత్త కాదు

ప్లాను వేసి ఊరు కట్టడం మనకు తెలియని విద్య కాదు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట చూడండి. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అంటే పల్లె నుంచి తొలిసారి వచ్చిన వాడు కూడా ఇల్లు పట్టుకోగలడు. నాగార్జునసాగర్ కట్టే రోజుల్లో మాచర్ల పక్కన విజయపురి సౌత్ అలాగే గీతలు గీసి కట్టిన ఊరు. 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి పట్టణాలకు కలిపి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. తరువాత మంగళగిరి కూడా అందులో చేరింది. 2014లో దాని స్థానంలో సి.ఆర్.డి.ఎ. వచ్చింది. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వమే మధ్య తరగతి వారి కోసం స్మార్ట్ టౌన్‌షిప్పుల పేరుతో మంగళగిరి దగ్గర నవులూరు, అప్పటి ప్రకాశం జిల్లా కందుకూరు వంటి చోట్ల లేఅవుట్లు ప్రారంభించింది.

కాబట్టి కాలనీలు వద్దని ఎవరూ అనరు. మన పిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, వారికి ఇళ్ళు కావాలి. పిల్ల పెళ్ళికో, అప్పు తీర్చడానికో రైతు పొలం అమ్ముకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కాని పాత పేటలకూ, ఇప్పటి వెంచర్లకూ ఒక తేడా ఉన్నది. బ్రాడీపేట లైన్లకు గేటు లేదు. ఆ రోడ్లు పక్క పేట రోడ్లలో కలిశాయి. ఇప్పటి వెంచరు చుట్టూ గోడ పెట్టుకుని తనంత తాను ఒక ద్వీపం అనుకుంటున్నది. ద్వీపం అనుకుంటే చుట్టూ నీరు తప్పదు మరి.

నల్లరేగడి గుణం

మన నేల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. పత్తికి, మిరపకు, శనగకు అదే బలం. ఇంటికి అదే శత్రువు. అందుకే మన పెద్దలు గట్టి నేల తగిలే దాకా పునాది తీసి, ఇసుక నింపి, ఆపైన రాయి పేర్చేవారు. రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైలు పునాదుల పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. కాని లేఅవుట్లు వేసేవారికి అన్నిటికన్నా తేలికైన మార్గం గ్రావెల్ తోలడం. పై నుంచి చూస్తే ఎర్రగా, గట్టిగా, చక్కగా కనిపిస్తుంది. ప్లాటు చూడ వచ్చిన వారి చెప్పులకు బురద అంటదు.

ఆ గ్రావెల్ ఏదో ఒక కొండను తవ్వితేనే వస్తుంది. అది అలా ఉంచండి. నేలను లేపిన కొద్దీ పక్క పొలం గుంట అవుతుంది. నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు, పారుదల ఉంటేనే బయటికి పోతుంది. అందుకే మన చేలల్లో గట్టు వెంట బోదె, బోదె చివర డొంక, డొంక పక్కన వాగు ఏర్పరచుకున్నారు. గ్రామపటంలో ఇవి సన్నని గీతలు. మిరప వేసిన వాడికి అవే ప్రాణాలు. పత్తి రెండు రోజులు తట్టుకుంటుందేమో గాని, మిరప తట్టుకోదు.

బుడమేరు చెప్పిన పాఠం

ఇది ఒక్క మిరప రైతు గోడు అనుకోవద్దు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలను ముంచింది. రోజుల తరబడి జనం డాబాల మీద గడిపారు. పాలు, మంచినీళ్ళు పడవల మీద చేరవేయవలసి వచ్చింది. వాగు నడిచే చోట ఇళ్ళు వెలిస్తే వాగు దారి మార్చుకోదు, ఇంట్లోకి వస్తుంది. ఒంగోలులో పోతురాజు కాలువ ఇరుకైపోయి, గట్టి వాన పడ్డప్పుడల్లా పక్క వీధులు భయపడుతూనే ఉన్నాయి.

రాజధాని ప్రాంతంలో కొండవీటి వాగు సంగతి మనం ఎరిగినదే. కృష్ణకు వరద వస్తే వాగు నీరు నదిలో కలవలేక వెనక్కి తన్ని పొలాలు ముంచేది. అక్కడ రాజధాని కట్టాలనుకున్నాక, 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు కృష్ణలోకి ఎత్తిపోసే పథకం ప్రారంభించారు. అంటే అంత పెద్ద నగరం ప్లాను వేసేవారు కూడా ఎక్కడో పైనుంచి వచ్చే వాగును లెక్కలోకి తీసుకోక తప్పలేదు. ఇరవై ఎకరాల వెంచరు వేసేవారికి పక్కనున్న బోదె లెక్కలోకి రాదంటే ఎలా?

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. ప్రపంచంలో పేరుపడ్డ బిల్డరు కాలనీ అమెరికాలోని లెవిట్‌టౌన్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్ అండ్ సన్స్ అనే కంపెనీ దాన్ని మొదలుపెట్టింది. అవి బంగాళాదుంపలు పండించిన పొలాలు. కార్ఖానాలో సామాను తయారైనట్టు వరసన ఇళ్ళు లేపి, నాలుగైదేళ్ళలో 17,000కు పైగా కట్టారు. యుద్ధం నుంచి వచ్చిన సైనికుల కుటుంబాలకు చౌకలో ఇల్లు దొరికింది. అది మంచిపనే. కాని నల్లజాతి వారికి అక్కడ ఇల్లు ఇవ్వకూడదని ఒప్పంద పత్రాల్లోనే రాసుకున్నారు. మురుగు కోసం ఇంటింటికీ గుంతలు తవ్వి ఊరుకున్నారు. ఊరుమ్మడి మురుగు కాలువల భారం తరువాత ప్రభుత్వం మీద పడింది. ప్లానులో ఎవరిని వదిలేశారో, దేన్ని వదిలేశారో, దాని ఖర్చు తరువాతి తరం భరించింది. మన దగ్గరా జరుగుతున్నది ఇదే.

చట్టంలో పొరుగు రైతు ఎక్కడ?

కొనేవారి రక్షణకు 2016లో కేంద్రం రెరా చట్టం తెచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వెంచరు వేసేవారు రిజిస్టరు చేయించుకోనిదే ప్రకటన ఇవ్వకూడదు, ప్లాట్లు అమ్మకూడదు. కొనేవారి దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచి, ఆ పనికే ఖర్చు పెట్టాలి. కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోనిదే ప్లాను మార్చకూడదు. కట్టడంలో లోపం అయిదేళ్ళలోగా బయటపడితే కట్టినవారే సరిచేయాలి. మంచి చట్టమే. ప్లాటు కొనే ప్రతివారూ రెరా నంబరు అడిగి తీరాలి. పంచాయతీ అనుమతి ఉందన్న మాట విని బయానా ఇచ్చి మోసపోకూడదు.

రాష్ట్ర లేఅవుట్ నిబంధనల్లోనూ మంచి ఉంది. నూటికి పది వంతులు ఖాళీ స్థలం వదలాలి. ఆ స్థలాన్నీ, రోడ్లనూ స్థానిక సంస్థకు ఉచితంగా రాసి ఇవ్వాలి. పనులు పూర్తి చేస్తామన్న హామీగా కొన్ని ప్లాట్లు తనఖా పెట్టాలి.

కాని ఈ నిబంధనలన్నీ కొనేవాడికీ కంపెనీకీ మధ్య, కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్నవి. పొరుగు రైతు ఇందులో ఎక్కడున్నాడు? సాగు భూమిని ఇళ్ళ స్థలంగా మార్చడానికి 2006 నాటి చట్టం కింద రుసుము వసూలు చేసే పద్ధతి వచ్చింది. ఆ రుసుము ఖజానాకు వెళ్ళింది. మునిగిన తోటకు అందులోంచి దమ్మిడీ రాలేదు. వెంచరు వల్ల పక్క పొలం నీరు ఎటు పోతుందో చూసి సంతకం పెట్టే అధికారి ఎవరో గ్రామంలో ఎవరిని అడిగినా చెప్పలేరు. రెవెన్యూ వారిని అడిగితే డ్రెయినేజీ వారంటారు. డ్రెయినేజీ వారు తమది పెద్ద కాలువల పనే అంటారు. పంచాయతీ వారు పైవారు అనుమతి ఇచ్చారంటారు. ఈ ముగ్గురి మధ్యా బోదె పూడిపోతున్నది.

అమ్మే రైతుకు, దున్నే రైతుకు

అమ్మే రైతు సోదరులకు కూడా ఒక మాట. ఎకరం అంటే 4,840 గజాలు. అందులో పదో వంతు ఖాళీ స్థలం, రోడ్లకు మూడో వంతు పోతుందనుకుంటే, అమ్మకానికి మిగిలేది సుమారు 2,700 గజాలు. కంపెనీ అమ్మే గజం ధరతో ఈ లెక్క వేసుకుని, రోడ్ల ఖర్చు, అనుమతుల ఖర్చు తీసివేసి, అప్పుడు బేరానికి కూర్చోండి. బయానా పుచ్చుకుని గట్లు చెరిపించుకోవద్దు. మొదటి విడత సొమ్ముతో రాళ్ళు పాతి, ప్లాట్లు అమ్మగా వచ్చిన డబ్బుతో మిగతాది ఇస్తామనే ఒప్పందాల్లో అమ్మకాలు ఆగితే పొలమూ ఉండదు, సొమ్మూ రాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టే ముందు వకీలు చేత చదివించుకోండి. 2014లో రాజధాని వస్తుందన్న పుకారుతో ప్రకాశం జిల్లా దొనకొండలో భూముల ధరలు ఎగబాకాయి. ఆ ఏడు సెప్టెంబరులో విజయవాడ పరిసరాలేనని ప్రకటన రాగానే ఎక్కడి బేరాలు అక్కడ ఆగాయి. ధర పుకారు మీద పెరిగితే పుకారుతోనే పోతుంది.

అమ్మిన వాడికి ఎంతో కొంత సొమ్ము వస్తుంది. కౌలుకు దున్నేవాడి సంగతి ఏమిటి? మన మిరప, పత్తి సాగులో కౌలు రైతులే ఎక్కువ. విత్తనం, మందులు, కూలి అప్పు తెచ్చి పెడతారు. పైరు మీద ఉండగానే పొలం అమ్ముడైతే, బుల్డోజరు వచ్చే రోజు దాకా వారికి కబురు ఉండదు. 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, దాని కింద కార్డుకు భూయజమాని అంగీకారం కావలసి వచ్చింది. కాయ కోతకు వెళ్ళే ఆడవారి కూలి లెక్కలోకే రాదు.

ఈ విషయంలో 2015 నాటి రాజధాని భూసమీకరణలో ఒక మంచి మాట ఉన్నది. మెట్ట ఎకరానికి 1,000 గజాల ఇళ్ళ స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ళ పాటు కౌలు సొమ్ము రైతుకు ఇస్తామన్నారు. భూమి లేని కూలి కుటుంబానికి కూడా నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. 2019 తరువాత పనులు ఆగి, ఆ ప్లాట్లు ముళ్ళచెట్ల పాలై, రైతులు ఏళ్ళ తరబడి ఉద్యమించవలసి వచ్చింది. హైకోర్టు 2022 మార్చిలో ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వాలని తీర్పు చెప్పింది. ప్రభుత్వం వేసిన ప్లానుకే ఈ గతి పడితే కాగితం మీది బొమ్మను నమ్మడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? అయినా భూమి లేని వారిని ఆ ప్లాను లెక్కించింది. ప్రైవేటు వెంచర్లలో ఆ మాటే లేదు.

మన తప్పూ లేకపోలేదు

అంతా కంపెనీల మీదికి నెట్టి మనం చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. డొంకను ఏటా ఒక చాలు లోపలికి దున్నింది ఎవరు? రెండు బండ్లు ఎదురెదురుగా పోయే డొంకలు ఇప్పుడు ట్రాక్టరు కూడా పట్టనంత ఇరుకయ్యాయంటే ఆ మట్టి మన గట్ల మీదే ఉంది. వాగు పోరంబోకులో జమ్ము, తూడు పెరిగితే తీసిందెవరు? బోదె పూడిక పని ఊరంతా కలిసి చేసే ఆనవాయితీ ఎప్పుడో పోయింది. కంపెనీ సర్వేయరు వచ్చి ఇక్కడ కాలువ ఏదీ అని అడిగితే చూపించడానికి మన దగ్గర కాలువ ఉండాలి కదా! నా తోట మునిగిన రోజు నేను గొట్టాన్ని తిట్టుకున్నాను గాని, ఆ బోదెకు అంతకు ముందు మూడేళ్ళు పార పెట్టలేదన్న సంగతి కూడా గుర్తుకు వచ్చింది.

ఏం చేయవచ్చు?

పెద్ద పెద్ద కమిటీలు అక్కరలేదు. ఊరి వారు, అధికారులు కలిసి చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

లేఅవుట్ దరఖాస్తు రాగానే దాని పటాన్ని పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి. అందులో వెంచరు గోడ అవతల నాలుగు పక్కలా ఉన్న పొలాలు, బోదెలు, డొంకలు, నీటి వాలు కూడా చూపించాలి. ఇరుగు పొరుగు రైతులు చెప్పేది వినడానికి ఒక గ్రామసభ పెట్టాలి.

మండల సర్వేయరు గ్రామపటం పట్టుకుని డొంక, వాగు హద్దులు కొలిచి రాళ్ళు పాతించాలి. ప్లాట్ల రాళ్ళు ఆ తరువాతే పాతాలి. డొంక మీద గేటు పెట్టనివ్వరాదు. మిరప కోతల రోజుల్లో బండి తిరగడానికి దారి ఉండాలి.

గ్రావెల్ తోలడానికి ముందే మురుగు కాలువ పని పూర్తి కావాలి. అది వెంచరు హద్దు దగ్గర ఆగకుండా అసలు కాలువలో కలిసే దాకా సాగాలి. దాని వెడల్పు వెంచరు నీటికి సరిపోయేంత కాదు, పై పొలాల నీటికి కూడా సరిపోవాలి. డ్రెయినేజీ ఇంజనీరు చూసి ఒప్పుకున్నాకే తనఖా ప్లాట్లు విడుదల చేయాలి. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కరలేదు. ఉన్న తనఖా నిబంధనను సక్రమంగా వాడితే చాలు.

పైరు ఉన్న పొలాన్ని కోత పూర్తయ్యే దాకా ముట్టుకోకూడదు. కౌలుదారుకు పెట్టుబడి పరిహారం అమ్మకం కాగితంలోనే రాసుకోవాలి. అమ్మే రైతు ఈ షరతు పెడితే కంపెనీ కాదనదు. ఎకరం ధర ముందు అది లెక్కలోది కాదు.

చివరగా, పార్కు స్థలం, రోడ్లు పంచాయతీకి రాసిచ్చిన పత్రం నకలు సర్పంచి దగ్గర ఉండాలి. అడిగిన ప్రతివారికీ చూపించాలి. నేడు పార్కు అని చెప్పిన స్థలం పదేళ్ళకు ప్లాటుగా మారకుండా ఉండాలంటే ఇదొక్కటే మార్గం.

ఆ వెంచరులో ప్లాటు కొన్నవారిలో మన బంధువులే ఉన్నారు. రేపు వారు ఇల్లు కట్టుకుంటారు. అప్పుడు గోడ బయట ఉన్న పొలాలు కూడా వెంచర్లయితే, ఆ కొత్త వెంచరు మరింత గ్రావెల్ తోలితే, మునిగేది మొదటి వెంచరే. ఇవాళ్టి మిరప రైతు గోడు పదేళ్ళకు ఆ ఇంటివారి గోడు అవుతుంది. సింగ్‌నగర్ వాసులు పడిన యాతన చూశాక కూడా ఈ సంగతి అర్థం కాకపోతే మనదే తప్పు.

వానలు మొదలు కాకముందే మన ఊరి బోదె చివరి దాకా నడిచి రండి. ఎక్కడ గొట్టం ఉందో, ఎక్కడ గోడ ఉందో చూసి రాసుకోండి. ఊరి పెద్దలంతా సంతకాలు పెట్టి ఆ కాగితం తహసీల్దారు గారికి, జిల్లా కలెక్టరు గారికి అందజేయండి. అధికారులు కూడా పంట మునిగాక లెక్కలు రాసుకోవడానికి రావడం కాదు, రాళ్ళు పాతకముందే వచ్చి నీటి వాలు చూడటం ఎంతైనా అవసరం.